మదర్‌బోర్డు: కొటేషన్‌లో అసంపూర్తిగా మిగిలే వరుస

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, జిల్లా కేంద్రంలోని చిన్న దుకాణంలోనైనా కంప్యూటర్ అసెంబుల్ చేయించాలని అడిగితే ఒక కొటేషన్ రాసిస్తారు. ప్రాసెసర్ పేరు అంకెలతో సహా ఉంటుంది. ర్యామ్ ఎన్ని జీబీలో, ఎస్‌ఎస్‌డీ ఎంతో, మానిటర్ ఎన్ని అంగుళాలో స్పష్టంగా ఉంటుంది. భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు ‘హెచ్610 బోర్డు’ అనో, ‘బి450 బోర్డు’ అనో రాసి ధర వేసేస్తారు. ఏ కంపెనీది, ఏ మోడలు అన్నది ఉండదు. కొనేవారూ అడగరు. అందుకే బేరం గట్టిగా సాగినప్పుడు మొదటి కోత ఇక్కడే పడుతుంది. ఆ కోత ఎవరి కంటికీ ఆనదు.

తక్కువ డబ్బుతో కంప్యూటర్ కట్టుకునేవారే మదర్‌బోర్డు గురించి అందరికన్నా ఎక్కువ ఆలోచించాలన్నది నా వాదన. చేతిలో డబ్బున్నవారు తప్పుడు బోర్డు కొన్నా ఏడాదికల్లా మార్చుకోగలరు. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లల కోసం కూడబెట్టి కొనే ఇంట్లో అదే బోర్డు నాలుగేళ్లు చదువుకు, ఆ తర్వాత ఉద్యోగ ప్రయత్నాలకు కూడా పనికిరావాలి.

అలాగని ఖరీదైన బోర్డు కొనమని చెప్పడం లేదు. బోర్డు వేగాన్ని ఇవ్వదు. ఒకే ప్రాసెసర్‌ను ఏడు వేల బోర్డులో పెట్టినా, ఇరవై వేల బోర్డులో పెట్టినా, దానికి కావలసిన విద్యుత్తు సరిగ్గా అందుతున్నంత వరకు పనిలో తేడా దాదాపు కనిపించదు. రంగురంగుల లైట్లకూ, పెట్టె మీద ముద్రించిన ‘గేమింగ్’ అన్న మాటకూ అదనంగా ఇచ్చే రెండు వేలు ర్యామ్‌కు పెట్టడం ఎప్పుడైనా మేలు. తేడా అంతా ‘విద్యుత్తు సరిగ్గా అందుతున్నంత వరకు’ అన్న షరతులోనే ఉంది.

ప్రాసెసర్ కోసం ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ. ఆ మార్పు చేసే భాగాన్ని వీఆర్‌ఎం అంటారు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు ఎడమ పక్కన, పైన వరుసగా కనిపించే చిన్న నల్ల చిప్పులు, వాటి పక్కనే బూడిదరంగు చతురస్రపు దిమ్మెలు, కెపాసిటర్లు అన్నీ కలిస్తే అది. ఇప్పుడు రెండు ఇంటెల్ ప్రాసెసర్లను చూడండి. ఐ5-12400కు ప్రాథమిక విద్యుత్ అవసరం 65 వాట్లు, గరిష్ఠం 117. ఐ7-12700కూ ప్రాథమికం 65 వాట్లే, కానీ గరిష్ఠం 180. రెండూ ఒకే సాకెట్‌లో కూర్చుంటాయి. హెచ్610 బోర్డుల మద్దతు జాబితాల్లో రెండూ కనిపిస్తాయి. కానీ వీఆర్‌ఎం మీద వేడిని లాగేసే చిన్న అల్యూమినియం హీట్‌సింక్ కూడా లేని చవక బోర్డులో 12700ను పెట్టి అరగంట సేపు వీడియో రెండర్ చేస్తే, ఆ చిప్పులు వేడెక్కి బోర్డు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. ఏదీ కాలిపోదు, తెర మీద హెచ్చరికా రాదు, పని మాత్రం నెమ్మదిస్తుంది. ఐ7కు పోసిన డబ్బులో ఎక్కువ భాగం అలా నిశ్శబ్దంగా వృథా అవుతుంది.

విదేశీ సమీక్షకులు ఈ బోర్డులను ఎక్కువగా ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ఏసీ లేని గదిలో, దుమ్ము పట్టిన క్యాబినెట్ లోపల పరిస్థితి వేరు. విదేశీ పరీక్షల్లో ‘పరవాలేదు’ అనిపించుకున్న బోర్డు ఇక్కడి వేసవిలో తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. అందుకే మన దగ్గర వీఆర్‌ఎం మీద హీట్‌సింక్‌ను విలాసంగా చూడకూడదు. ఆరు కోర్ల ప్రాసెసర్‌కు అది లేకపోయినా సర్దుకోవచ్చు. అంతకు మించితే ఉండాల్సిందే. బోర్డు ఫొటో చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. కాకపోతే ఫొటో చూడాలంటే మోడలు పేరు తెలియాలి, కొటేషన్‌లో లేనిది సరిగ్గా అదే.

హెచ్610, బి760, బి550 అన్నవి చిప్‌సెట్ (బోర్డు మీది పరికరాల మధ్య డేటా రాకపోకలు నడిపే చిప్) పేర్లు. అవి వీఆర్‌ఎం నాణ్యత గురించి ఏమీ చెప్పవు, డేటా వెళ్లే దారులు ఎన్ని, ఎంత వెడల్పు అన్నదే చెబుతాయి. హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే, ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ పీసీఐఈ (ఆ డేటా దారుల ప్రమాణం) మూడో తరానిదే. ఇంటి వాడకానికి, చదువుకు అది చాలు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వైపు ఏ520కీ బి550కీ మధ్య తేడా మాత్రం ఒక్కోసారి గట్టిగానే తగులుతుంది. ఏ520 పీసీఐఈ మూడో తరం దగ్గరే ఆగిపోతుంది. 2022లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి చవక గ్రాఫిక్స్ కార్డుకు ఉన్నవి నాలుగు లేన్లే (డేటా దారులే). బి550 వంటి నాలుగో తరం బోర్డులో బాగానే నడిచే ఆ కార్డు మూడో తరం బోర్డులో సగం దారితో పని చేయాల్సి వచ్చి, కొన్ని ఆటల్లో బాగా వెనకబడుతుంది. చవక కార్డు, చవక బోర్డు కలిసినప్పుడే ఈ నష్టం పెద్దదిగా ఉంటుంది.

ఇక సాకెట్ ఆయుష్షు. ఈ విషయంలో రెండు కంపెనీల చరిత్ర వేరు. ఇంటెల్ 2017లో ఎనిమిదో తరాన్ని తెచ్చినప్పుడు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151గానే ఉంచింది, కానీ అంతకు ముందు తరం బోర్డుల్లో అది పనిచేయలేదు. హెచ్410 బోర్డులను పదో తరానికి అమ్మి, అదే సాకెట్‌లో వచ్చిన పదకొండో తరానికి వాటిని దూరం పెట్టింది. ఎల్‌జీఏ 1700 మీద మూడు తరాలు నడిచాయి గానీ, 2024లో కొత్త సాకెట్ రావడంతో డెస్క్‌టాప్‌లో ఆ దారి దాదాపు ముగిసింది. ఏఎండీ కూడా 2020 మేలో రైజెన్ 5000 ప్రాసెసర్లు బి450 బోర్డుల్లో పనిచేయవని ప్రకటించింది. కొనుగోలుదారులు గట్టిగా నిలదీయడంతో అదే నెలలో వెనక్కి తగ్గింది. 2022లో అతి చవకైన ఏ320కి కూడా దారి తెరిచింది. 2017లో ఏఎండీ బోర్డు కొన్నవారు, దాని తయారీదారు కొత్త బయాస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఇచ్చి ఉంటే, అయిదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుని కంప్యూటర్‌కు కొత్త ఊపిరి పోయగలిగారు. మధ్యతరగతికి దీన్ని మించిన పొదుపు లేదు. ఏఎం5 సాకెట్‌కు 2027, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. మూడేళ్లకు ప్రాసెసర్ మార్చే ఆలోచన ఉన్నవారికి నా సలహా ఏఎం5 మీద బి650 బోర్డు. అయిదేళ్ల పాటు క్యాబినెట్ తెరవబోమని తెలిసినవారికి ఐ5-12400, మంచి హెచ్610 సరిపోతాయి.

ఏఎం5కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోవడంతో ఈ లెక్క కొంత తలకిందులైంది. పాత కంప్యూటర్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉన్నవారు దాన్ని వదులుకోకుండా, డీడీఆర్4 తీసుకునే బోర్డు చూసుకోవడం ఇప్పుడు తెలివైన పని. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి వేర్వేరుగా వస్తాయి. ఒకదాని ర్యామ్ ఇంకొకదాని స్లాట్‌లో పట్టదు. పూర్తి పేరు లేని కొటేషన్‌లో ఈ తేడా కూడా తెలియదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించే వ్యవహారం ఒకటుంది. ‘ఐ5, 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ’ అని నమ్మలేని ధరకు అమ్మే పెట్టెల్లో చాలావాటిలో ఉండేది హెచ్61 (హెచ్610 కాదు) రకం బోర్డు. ఆ చిప్‌సెట్ 2011 నాటిది. బోర్డు కొత్తగా తయారైందే, పెట్టె సీలు కూడా కొత్తదే. అందులో కూర్చున్న ఐ5 మాత్రం పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన మూడో తరం ప్రాసెసర్. విండోస్ 11 అధికారికంగా కోరేది కనీసం ఇంటెల్ ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కొన్న రోజే ఆ కంప్యూటర్ కాలం చెల్లినది. ఐ5 అని రాసి ఎన్నో తరమో రాయకపోవడం, బోర్డు పేరు దాచడం రెండూ ఒకే పద్ధతిలో మోసం చేస్తాయి. ఇందులో నష్టపోయేది ఎక్కువగా పిల్లల చదువు కోసం మొదటిసారి కంప్యూటర్ కొంటున్న తల్లిదండ్రులు.

బోర్డు ఎంచుకునే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడలుకు చివరి బయాస్ ఎప్పుడు వచ్చిందో చూడాలి. 2023లో కొన్ని ఏఎం5 ప్రాసెసర్లు కాలిపోయిన ఘటనల తర్వాత ఏఎండీ ఒక వోల్టేజిని 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల అస్థిరతకు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) మార్పు రూపంలో మందు వచ్చింది. రెండూ వినియోగదారుకు చేరింది బయాస్ రూపంలోనే. బయాస్ ఇవ్వడం మానేసిన కంపెనీ బోర్డు ఎంత చవకైనా వద్దు. దుకాణంలో పాత స్టాకు ఉన్న హెచ్610 బోర్డు 14వ తరం ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోవచ్చు కాబట్టి, అప్‌డేట్ చేసి ఇవ్వమని అక్కడే అడగాలి. 12400ఎఫ్ లాంటి ‘ఎఫ్’ ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొననివారికి బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు ఎందుకూ పనికిరాదు.

కొనేటప్పుడు పక్కా జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా ఇస్తే కొంత తగ్గిస్తామంటారు. మూడేళ్ల వారంటీ కోసం హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు బోర్డు పంపాల్సి వచ్చిన రోజున ఆ తగ్గింపు ఎందుకూ అక్కరకు రాదు. బిల్లులో బోర్డు పూర్తి మోడలు పేరు, సీరియల్ నంబరు రెండూ ఉండాలి. ఎల్‌జీఏ 1700, ఏఎం5 రెండింటిలోనూ సన్నని పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా భౌతిక నష్టం కింద వారంటీ నిరాకరిస్తారు. అందుకే డబ్బు చెల్లించే ముందు కౌంటర్ దగ్గరే సాకెట్ మీది నల్లటి ప్లాస్టిక్ మూత తీయించి, ఫోను టార్చి వేసి, పిన్నుల వరుసలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి ఫొటో తీసుకోండి.