ట్రిగ్గర్ అమ్మేముందు కెమెరా ఏదో అడగండి

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చిన తమ్ముళ్ల నుంచి ఒకటే మెసేజ్. "అన్నా, ట్రిగ్గర్ కొన్నా, ఫ్లాష్ కొట్టట్లేదు, పీస్ పోయిందా?" ట్రిగ్గర్ అంటే కెమెరా మీద పెట్టి, దూరంగా ఉన్న ఫ్లాష్‌ని రేడియో సిగ్నల్‌తో కొట్టించే పరికరం. చాలాసార్లు పీస్‌కి ఏమీ కాదు, ఆ కెమెరాకి ఆ ట్రిగ్గర్ పనిచేయదు, అంతే. డబ్బులు తీసుకునేటప్పుడు అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు చూడండి, నా కోపమంతా అక్కడే.

2018లో వచ్చిన కెనాన్ 1500డి, 3000డి, 2019లో వచ్చిన 200డి మార్క్ 2 సంగతే తీసుకోండి. మన దగ్గర నేర్చుకునే పిల్లలు చాలామంది వాడేవి ఇవే. వీటి హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) మధ్యలో ఉండాల్సిన సెంటర్ పిన్‌ని కంపెనీయే తీసేసింది. షట్టర్ నొక్కగానే ఫ్లాష్‌ని కొట్టమని చెప్పేది ఆ పిన్నే, ఎంత పాత ఫ్లాష్ అయినా, ఏ బ్రాండ్ అయినా దాని మీదే నడిచేది. అది లేకపోతే ఆ ఒక్క పిన్ను మీద ఆధారపడే తక్కువ ధర మాన్యువల్ ట్రిగ్గర్ ఎంత బాగున్నా పలకదు. చుట్టూ ఉండే చిన్న పిన్నుల ద్వారా కెనాన్ భాషలోనే మాట్లాడే ట్రిగ్గర్ కావాలి, ఉదాహరణకి గోడాక్స్ ఎక్స్2టీ-సీ, అది కూడా ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి. మరి డబ్బా మీద "యూనివర్సల్" అని రాసి, "ఏ కెమెరాకైనా పనిచేస్తుంది బాబూ" అని అంటగట్టడం ఏం న్యాయం? అప్పు చేసి కొనుక్కున్న కుర్రాడు ముహూర్తం ముందు మండపంలో నిలబడి ఫ్లాష్ రాక చెమటలు కక్కుతుంటే ఆ టెన్షన్ ఎవరికి తెలుస్తుంది?

పీస్ పోయిందని తేల్చేముందు ట్రిగ్గర్ మీద టెస్ట్ బటన్ నొక్కండి. ఫ్లాష్ కొట్టిందా, అయితే రేడియో బాగానే ఉంది, గొడవ కెమెరాకీ ట్రిగ్గర్‌కీ మధ్య. హాట్ షూలో చివరిదాకా దూర్చారా, సెంటర్ పిన్ ఉందా, సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉండిపోయిందా చూడండి. టెస్ట్ బటన్‌కీ కొట్టకపోతే కెమెరా జోలికే వెళ్లొద్దు. ట్రిగ్గర్‌లోనూ ఫ్లాష్‌లోనూ చానెల్, ఐడీ నంబర్లు రెండూ ఒకటేనా, ఆ గ్రూప్ ఆఫ్‌లో ఉందా, సెల్స్‌లో చార్జ్ ఉందా, ఫ్లాష్ రేడియో రిసీవర్ మోడ్‌లో ఉందా లేక ఎస్1 అనే ఆప్టికల్ మోడ్‌లో (రేడియోతో కాక వేరే ఫ్లాష్ వెలుగు చూసి కొట్టే మోడ్) ఉందా, ఇవే. చానెల్ కలిసినా ఐడీ కలవకపోతే కొట్టదు, ఇది చాలామంది వదిలేస్తారు. గోడాక్స్ ట్రిగ్గర్లలో దూరం సెట్టింగ్ కూడా ఉంటుంది, 1-100 మీటర్లకి పెట్టి లైట్‌ని పక్కనే ఉంచితే ఒకసారి కొట్టి ఒకసారి మానేస్తుంది, 0-30కి మార్చండి.

ఇన్ని చూసినా పలకట్లేదంటే ఆ రెండిటి సిస్టమ్‌లే వేరు. యాంగ్‌నువో వైఎన్560-4 ఫ్లాష్ అదే కంపెనీ ఆర్ఎఫ్603 ట్రిగ్గర్ మాట వింటుంది, గోడాక్స్ ట్రిగ్గర్ మాట వినదు. సరే, బ్రాండ్లు వేరు అనుకుందాం. ఒకే బ్రాండ్‌లోనూ ఇదే తంతు! గోడాక్స్ టీటీ600 ఫ్లాష్ లోపల 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ ఉంటుంది, పైన చెప్పిన ఎక్స్2టీ లాంటి ఎక్స్ సిరీస్ ట్రిగ్గర్‌తో హాయిగా పనిచేస్తుంది. టీటీ520-2 ఫ్లాష్ లోపల ఉండేది 433 మెగాహెర్ట్జ్. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ధర కాస్త తక్కువ, కొత్తవాళ్లు అదే తీసుకుంటారు. సెట్టింగ్‌లు ఎంత మార్చినా ఎక్స్ ట్రిగ్గర్‌తో అది కలవదు. ఆ ఫ్రీక్వెన్సీ అంకెని డబ్బా ముందు వైపు పెద్దగా వేస్తే కంపెనీకి పోయేదేముంది?

దుకాణాల వాళ్లకీ చెప్తున్నా, ఆన్‌లైన్‌లో లింకులు పెట్టి "బెస్ట్ బడ్జెట్ ట్రిగ్గర్" అని వీడియోలు చేసేవాళ్లకీ చెప్తున్నా, ముందు కెమెరా మోడల్ అడగండి, తర్వాత అమ్మండి. తమ్ముళ్లూ, మీరు నాకు మెసేజ్ పెట్టేటప్పుడు కెమెరా, ట్రిగ్గర్, ఫ్లాష్ మూడిటి పూర్తి పేర్లు, చివర్లో ఉండే సీ (కెనాన్), ఎన్ (నికాన్), ఎస్ (సోనీ) అక్షరంతో సహా రాయండి, హాట్ షూ ఫొటో ఒకటి దగ్గరగా తీసి పెట్టండి. ఎంత రాత్రయినా చూసి చెప్తాను.