ఓడ గుద్దింది సరే, లోపలికి రమ్మన్నది ఎవరు?

2019 జూన్ 2, ఆదివారం, ఉదయం ఎనిమిదిన్నర. వెనిస్‌లోని జుడెక్కా కాలువలో ఎంఎస్‌సీ ఒపెరా అనే క్రూయిజ్ ఓడ ఆపకుండా హారన్ కొట్టుకుంటూ వస్తోంది. పొడవు 275 మీటర్లు. గట్టు మీదున్న వాళ్లకు మొదట సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగు లంకించుకున్నారు. శాన్ బసీలియో రేవులో రివర్ కౌంటెస్ అనే చిన్న టూరిస్టు నౌక కట్టేసి ఉంది, దాన్నిండా ప్రయాణికులు. ఒపెరాను ఆపడానికి రెండు టగ్గులు, అంటే పెద్ద ఓడలను లాగే చిన్న పడవలు, బలంకొద్దీ లాగుతున్నాయి. అంతలో ఒకదాని మోకు పుటుక్కున తెగింది. ఓడ ముక్కు గట్టును గీరుకుంటూ వచ్చి ఆ చిన్న నౌకను తాకింది. నలుగురైదుగురికి గాయాలయ్యాయి. ప్రాణాలు మాత్రం ఎవరికీ పోలేదు. ఇంజిన్ ముందుకు తోస్తూనే బిగుసుకుపోయిందనీ, వేగం తగ్గాల్సింది పోయి పెరిగిందనీ టగ్గుల కంపెనీ అధిపతి ఆ రోజే చెప్పాడు.

సముద్రం ఈది పిల్లకాలువలో మునిగినట్టు అని మనకో సామెత. ఇలాంటి వీడియోలు చూసినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్నే వాడతారు. కానీ ఆ సామెత తప్పంతా ఈదేవాడి మీదే వేస్తుంది. ఇక్కడ మునిగింది ఓడ కాదు, దెబ్బ తిన్నది పిల్లకాలువ. అంత పిల్లకాలువలోకి అంత ఓడను రమ్మన్నది ఎవరన్న ప్రశ్న ఆ సామెతలో లేదు, ప్రమాద వార్తల్లోనూ పెద్దగా కనిపించదు. వార్తల్లో ఎప్పుడూ మూడే కారణాలు: గాలి, సాంకేతిక లోపం, మానవ తప్పిదం.

అదే ఏడాది డిసెంబరు 20న మెక్సికోలోని కొజుమెల్‌లో ఏం జరిగిందో చూడండి. కార్నివాల్ గ్లోరీ రేవులోకి వస్తోంది. అదే కంపెనీ ఓడ కార్నివాల్ లెజెండ్ అప్పటికే బెర్తులో కట్టేసి ఉంది. గాలి గట్టిగా వీస్తోంది. గ్లోరీ వెనక భాగం మెల్లగా, చూస్తున్న వాళ్లకు విసుగొచ్చేంత మెల్లగా, పక్కకు జరుగుతూ వచ్చి లెజెండ్ ముక్కుకు ఆనుకుంది. ఆ మెల్లదనానికే గ్లోరీ వెనక మూలన ఉన్న డైనింగ్ హాలు గోడ అట్టపెట్టె నలిగినట్టు నలిగిపోయింది. చుట్టుపక్కల ఓడల డెక్కుల మీద నిలబడ్డ జనం అరుస్తూ ఫోన్లలో తీసిన వీడియోలు ప్రపంచమంతా చూసింది. కొందరికి స్వల్ప గాయాలయ్యాయి. సముద్రంలోకి వెళ్లడానికి ఇబ్బందేమీ లేదని కంపెనీ చెప్పింది.

ఇంతకీ గాలికి అంత ఓడ కదులుతుందా? కదులుతుంది. అసలు క్రూయిజ్ ఓడకే ఎక్కువ కదులుతుంది. మన పత్రికలు ‘65 వేల టన్నుల ఓడ’, ‘రెండు లక్షల టన్నుల ఓడ’ అని రాస్తాయి. చదివేవాళ్లు అది బరువనుకుంటారు. కాదు. గ్రాస్ టన్నేజీ ఓడ లోపలి చోటుకు కొలత. గదులు, థియేటర్లు, హోటళ్లు, స్విమ్మింగ్ పూళ్లు పేర్చుకుంటూ పోతే ఆ అంకె పెరుగుతుంది. నిండా చమురు పోసిన ట్యాంకర్ నీళ్లలో లోతుగా కూర్చుంటుంది. క్రూయిజ్ ఓడ అలా కాదు. ఒయాసిస్ తరగతి ఓడలు నీటి కింద తొమ్మిది మీటర్ల చిల్లర ఉంటే, నీటి పైన 72 మీటర్లు ఉంటాయి. చెప్పాలంటే అది పన్నెండు నెలలూ దించకుండా ఎత్తి ఉంచిన తెరచాప.

చిన్న లెక్క వేద్దాం. ఓడ పొడవు 300 మీటర్లు, నీటి పైన సగటు ఎత్తు 35 మీటర్లు అనుకోండి. పక్క నుంచి గంటకు 45 కిలోమీటర్ల గాలి వీస్తే ఆ గోడ మీద పడే తోపు దాదాపు వంద టన్నుల బరువుతో సమానం. గాలి 65 కిలోమీటర్లకు పెరిగితే అది రెండు వందల టన్నులు దాటుతుంది. గాలి వేగం ఒకటిన్నర రెట్లు కాకముందే తోపు రెట్టింపు. దీనికి ఎదురు తొయ్యడానికి ఓడ ముక్కు దగ్గర నీళ్లలో అడ్డంగా థ్రస్టర్లు, అంటే ఓడను పక్కకు తోసే పంకాలు, ఉంటాయి. వాటి శక్తికో హద్దుంది. గాలికి హద్దు లేదు. హద్దు దాటిన క్షణం నుంచి ఎంత అనుభవమున్న కెప్టెనైనా చూస్తూ నిలబడాల్సిందే.

ఆర్టీసీ బస్సును ప్లాట్‌ఫాం మీదకు వెనక్కి పెట్టేటప్పుడు కండక్టర్ దిగి ‘రానీ... రానీ... హోల్డాన్’ అంటాడు. డ్రైవర్ కాలు బ్రేకు మీద పడుతుంది, బస్సు ఆగుతుంది. ఓడలోనూ దాదాపు ఇదే దృశ్యం. కెప్టెన్, ఓడను రేవులోకి తెచ్చేందుకు ఎక్కిన పోర్టు పైలట్ ఇద్దరూ బ్రిడ్జి (ఓడను నడిపే గది) చివర పక్కకు పొడుచుకొచ్చిన రెక్కలో నిలబడి కిందకు చూస్తుంటారు, కింద గట్టుకున్న రబ్బరు ఫెండర్లకూ ఓడకూ మధ్య నీళ్లు సన్నబడుతుంటాయి. గట్టు మీద మనుషులు తల పైకెత్తి సన్నని తాడు విసురుతారేమోనని చూస్తుంటారు. ఆ తాడు పట్టుకుని లాగితే దాని వెనకే లావుపాటి మోకు వస్తుంది. ఇంతవరకూ బస్సు లాగే. కానీ హోల్డాన్ అనగానే తొక్కడానికి ఓడకు బ్రేకు లేదు. పెద్ద ఓడ గట్టుకు ఆనేటప్పటి వేగం సెకనుకు పది, పదిహేను సెంటీమీటర్లే ఉండాలి. అంటే పాకే పసిపిల్లాడు కూడా దాన్ని దాటిపోతాడు. అంత మెల్లగా తేవాలంటే ‘వద్దు’ అనే నిర్ణయం చాలా ముందే జరగాలి.

నా అభ్యంతరమంతా అక్కడే. విమానం రన్‌వే మీదకు దిగబోతూ కుదరక మళ్లీ పైకి లేస్తే దాన్ని గో-అరౌండ్ అంటారు. పైలట్‌ను ఎవరూ తిట్టరు, పైగా మెచ్చుకుంటారు. క్రూయిజ్ కెప్టెన్‌కు కూడా ఈ రేవు వద్దు, ముందుకు పోదాం అనే అధికారం పూర్తిగా ఉంది. చాలామంది వాడుకుంటారు కూడా. కానీ వాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు లెక్క చూస్తారు. ప్రయాణికులు పోర్టు ఫీజులు తిరిగివ్వమంటారు, అమ్మిన టూర్లు రద్దవుతాయి, ఊళ్లో టాక్సీలూ దుకాణాలూ ఆ రోజుకు ఖాళీ. పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఐదుకు వెళ్లిపోవాల్సిన ఓడ రెండు గంటలు బయట లంగరేసుకుని గాలి తగ్గేదాకా ఆగితే టూర్ సగమైపోతుంది. ‘ఒకసారి ప్రయత్నిద్దాం’ అనే మాట వెనక ఈ టెన్షన్ అంతా ఉంటుంది. తేడా వస్తే మాత్రం రిపోర్టులో మానవ తప్పిదం అన్న మాటే మిగులుతుంది.

ఈ ప్రమాదాలన్నీ నలిగిన రేకులతోనూ వైరల్ వీడియోలతోనూ ముగియవు. 2010 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో కోస్టా యూరోపా అనే క్రూయిజ్ ఓడ ఈదురుగాలిలో రేవుకు చేరబోయి గట్టుకు గుద్దుకుంది, పక్కన చిల్లు పడింది. చనిపోయిన ముగ్గురూ సిబ్బందే. వాళ్లలో ఒకరు మన దేశం వాడు. ప్రయాణికుల బాల్కనీలు పైన, పనివాళ్లు కింద. గట్టు తగిలేది ఎప్పుడూ కిందే.

రేవు కట్టిన తీరు ఎంత ముఖ్యమో తెలియాలంటే 2013 మే 7 రాత్రి ఇటలీలోని జెనోవా రేవులో జరిగింది గుర్తుచేసుకోవాలి. జాలీ నీరో క్రూయిజ్ కాదు, సరుకు ఓడ. వెనక్కి వస్తూ మలుపు తిరగాల్సిన చోట ఇంజిన్ స్టార్ట్ కాలేదు. ఓడ వెనక భాగం పోయి పోర్టు కంట్రోల్ టవర్‌ను కొట్టింది, టవర్ కూలింది, తొమ్మిది మంది చనిపోయారు. ఇంజిన్ మొరాయించడం ఓడ తప్పే. సరిగ్గా ఓడలు మలుపు తిరిగే చోట, నీళ్ల అంచునే మనుషులతో టవర్ నిలబెట్టింది ఓడ కాదు కదా.

మళ్లీ వెనిస్‌కు వద్దాం. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ రాయికి తగిలి 32 మంది చనిపోయాక ఇటలీ ప్రభుత్వం 40 వేల టన్నులు దాటిన ఓడలు వెనిస్ నడిబొడ్డునున్న సెయింట్ మార్క్స్ కూడలి ముందు నుంచీ, జుడెక్కా కాలువ గుండానూ వెళ్లకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఇస్తూనే ప్రత్యామ్నాయ దారి దొరికాకే అమలు అని ఒక మెలిక పెట్టింది. దారి దొరకలేదు, ఓడలు ఆగలేదు. 2017లో ఊరి జనం సొంతంగా ఓటింగ్ పెట్టుకుంటే దాదాపు 18 వేల మంది పాల్గొన్నారు, ఇంచుమించు అందరూ పెద్ద ఓడలు వద్దన్నారు. అయినా ఎవరూ కదల్లేదు. 2019 జూన్‌లో ఒపెరా గుద్దింది. నెల తిరగ్గానే, జులై 7న, తుపాను గాలిలో కోస్టా డెలిజియోసా గట్టుకు అతి దగ్గరగా వచ్చి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. చివరికి 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నులు, 180 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు దాటిన ఓడలకు ఆ కాలువలో తలుపులు మూసేశారు. అది కూడా ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెడతామని యునెస్కో అన్నాక. అంటే నిర్ణయం తెలియక కాదు, తొమ్మిదేళ్లు తెలిసే ఆగింది. ఆ తొమ్మిదేళ్లలో వెనిస్‌కు కలిసొచ్చింది అదృష్టమే.

ఇదంతా మనకెందుకు అనుకోవచ్చు. 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. దాన్ని ఔటర్ హార్బర్‌లో కట్టడం మంచి పని. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి ఇన్నర్ హార్బర్‌కు పోయే ఆ సన్నని కాలువలోకి అంత ఎత్తు ఓడలను తేవాల్సిన అవసరం తప్పింది. ఇక గాలి సంగతి. అది విశాఖకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్‌కు చెందిన ఎంవీ మా అనే చిన్న సరుకు ఓడ లంగరు నిలవక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు ఒడ్డున రాళ్ల మధ్య కూర్చుంది. ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగింది.

పెద్ద ఓడలు రావాలని పర్యాటక రంగం కోరుకుంటుంది, అందులో తప్పు లేదు. ఓడ వచ్చిన రోజున బ్యాండు మేళం, పూలదండలు, మంత్రుల ఫొటోలు ఎలాగూ ఉంటాయి. గాలి వేగం ఎన్ని నాట్లు (ఓడల వాళ్ల వేగం కొలత) దాటితే ఓడను లోపలికి తీసుకురాకూడదో, ఎన్ని టగ్గులు తప్పనిసరో ఇప్పుడే, ఏ ఓడా బయట ఎదురుచూడని రోజున, కాగితం మీద పెట్టి జనానికి చెప్పొచ్చు. గాలి ఆ అంకె దాటిన పూట పైలట్ ‘ఈరోజు వద్దు’ అంటాడు. అన్న పది నిమిషాలకు పోర్టు ఆఫీసులో ఫోన్ మోగుతుంది. ఆ ఫోన్ ఎత్తి, వద్దంటే వద్దని చెప్పే పని ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయాలి.