తొమ్మిది సెంట్ల తక్కువ రైతు

ఒక ఆవు, ఒక దూడ, నలభై ఎండుగడ్డి మోపులు. వీటి మీద ఒక కప్పు వేసుకోవాలంటే ముందు నేను కష్టాల్లో ఉన్నానని ప్రభుత్వానికి రాతపూర్వకంగా నిరూపించాలి. మామూలు కష్టం పనికిరాదు. చట్టం అడిగేది 'అనవసరమైన కష్టం'. అవసరమైన కష్టం ఎలా ఉంటుందో ఆ దరఖాస్తులో ఎక్కడా రాయలేదు. బహుశా ఆ దరఖాస్తు నింపడమే కావచ్చు.

పైగా ఆ కష్టం స్వయంకృతం కాకూడదట. ఇక్కడే నా కలం ఆగిపోయింది. ఆవును కొన్నది నేనే, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈ పల్లెకు మకాం మార్చింది నేనే. మా ఆవిడ భుజం మీదుగా ఆ కాగితం చదివి, "మీ కష్టాల్లో స్వయంకృతం కానిది ఒక్కటి చెప్పండి, రాసుకుంటాను" అంది. ఆ ఒక్కటీ వెతకడానికి మాకు ఆదివారం అంతా పట్టింది. చివరికి ఇంటి పక్కన ఏటవాలుగా ఉన్న నేల దొరికింది. దాన్ని మాత్రం నేను చేయలేదు.

విషయం ఇది. ఒహాయో రాష్ట్ర చట్టంలో 519.21 అనే సెక్షన్ ఉంది. టౌన్‌షిప్ అంటే ఇక్కడి పంచాయతీ లాంటిది; జోనింగ్ అంటే ఏ నేల మీద ఏది ఎక్కడ కట్టాలో శాసించే దాని నిబంధనలు. వ్యవసాయం కోసం కట్టే కట్టడాల జోలికి టౌన్‌షిప్ జోనింగ్ వెళ్లకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. రైతును గౌరవించే చక్కని సెక్షన్. అయితే స్థలం లేఅవుట్‌లో ఉండి అయిదు ఎకరాలు మించకపోతే, కొట్టం ఎత్తు ఎంత, వైశాల్యం ఎంత, సరిహద్దుకు ఎంత దూరం అన్నవి టౌన్‌షిప్ శాసించవచ్చు. మాది లేఅవుట్ స్థలం. నాలుగు ఎకరాల తొంభై రెండు సెంట్లు. ఇంకో తొమ్మిది సెంట్లు ఉంటే నేను రైతును. లేవు కాబట్టి దరఖాస్తుదారుణ్ని.

ఆవును ఉంచుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అది రోజంతా సరిహద్దు కంచెకు మూతి ఆనించి నిలబడవచ్చు. దాని మీద కప్పు మాత్రం కంచెకు డెబ్బై అయిదు అడుగుల దూరంలో ఉండాలి. వెనక్కి జరుపుదామంటే అక్కడ సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే నేల, ముందుకు జరుపుదామంటే వాలు. ఎటు కొలిచినా యాభై ఒక్క అడుగులే వచ్చాయి. తక్కువైన ఆ ఇరవై నాలుగు అడుగుల కోసమే జోనింగ్ సడలింపు కోరుతూ ఈ కష్టాల దరఖాస్తు. మూడు వందల యాభై డాలర్లు కట్టాలి, తిరిగి ఇవ్వరు.

ఈ జోనింగ్ మహావృక్షానికి వేరు కూడా మా రాష్ట్రంలోనే ఉంది. క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే గ్రామం తన నేలను మండలాలుగా విడగొడితే, 68 ఎకరాల సొంతదారైన ఒక రియల్ ఎస్టేట్ సంస్థ కోర్టుకెక్కింది. 1926 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు గ్రామం పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ అందులో ఒక ఉపమానం వేశారు. ఉపద్రవం అంటే ఒక్కోసారి సరైన వస్తువు సరికాని చోట ఉండటమేనట, పశువుల దొడ్డిలో ఉండవలసిన పంది ముందుగదిలోకి వచ్చినట్టు. చదివి చేతులెత్తి మొక్కాను. ఈ శాస్త్రానికి మూలపురుషుడే జంతువు చోటు దొడ్డి అని తేల్చేశాడు! ఆ దొడ్డికే చోటు లేకపోతే ఏం చేయాలో చెప్పకుండా వెళ్లిపోయాడు.

విచారణ సాయంత్రం ఏడు గంటలకు. చట్ట ప్రకారం ఇరుగుపొరుగుకు ఉత్తరాలు వెళ్లాయి, పత్రికలో ప్రకటన పడింది. మడత కుర్చీలు, గోడకు జెండా, అయిదుగురు సభ్యుల బోర్డు. నా చేత కుడిచెయ్యి పైకెత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. జీవితంలో మొదటిసారి ప్రమాణం చేసి మాట్లాడబోతున్నాను, అదీ ఆవు పేడ గురించి.

1986లో ఒహాయో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఇలాంటి సడలింపు ఇచ్చేముందు చూడవలసిన అంశాలు ఏడు చెప్పింది. కోర్టు వాటిని బుద్ధితో తూచమంది. మా బోర్డు వరసపెట్టి అప్పజెప్పించుకుంది. కొట్టం వల్ల ప్రభుత్వ సేవలకు, అంటే నీళ్లకు, మురుగుకు, చెత్త బండికి ఆటంకం కలుగుతుందా? కలగదన్నాను. ఎలా చెప్పగలరన్నారు. చెత్త బండి రోడ్డు మీద వెళుతుంది, ఆవు రోడ్డు మీద ఉండదు అన్నాను. ఒక సభ్యుడు దాన్ని రాసుకున్నారు. సమస్యను మరో మార్గంలో తీర్చుకోలేరా? "ఆవును చిన్నది చేయలేను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ప్రమాణం చేసి చెప్పిన మాట కదా, దాన్నీ రాసుకున్నారు. స్థలం కొనేటప్పుడు ఈ నిబంధన ఉందని మీకు తెలుసా? తెలియదంటే అజ్ఞానిని, తెలుసంటే అపరాధిని. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూసింది.

అప్పుడు పక్కింటావిడ లేచారు. మంచి మనిషి, మా గుమ్మడికాయలు తీసుకుంటారు, కేకులు పంపుతారు. ఫోను తీసి తన వంటగది కిటికీలోంచి తీసిన సూర్యాస్తమయం ఫొటో బోర్డుకు చూపించారు. అయిదుగురూ ఫోను చేతులు మార్చుకుంటూ, రెండు వేళ్లతో సూర్యుణ్ని పెద్దది చేసి చూశారు. "మేము నగరం వదిలి ఇక్కడికి వచ్చింది పల్లె వాతావరణం కోసం. ఈ కొట్టం వస్తే ఆ స్వరూపమే మారిపోతుంది" అన్నారు ఆవిడ. అధ్యక్షుడు గంభీరంగా తల పంకించాడు. ఏడు అంశాల్లో అదీ ఒకటి మరి, పరిసరాల ముఖ్య స్వరూపం.

ఆ పరిసరాల ముఖ్య స్వరూపం ఏమిటో చెబుతాను. మా లేఅవుట్ పేరులో ఒకప్పటి రైతు ఇంటిపేరు, దాని వెనక 'ఫామ్స్' అనే మాట ఉన్నాయి. ముఖద్వారం దగ్గర బోర్డు మీద ఎర్రగా ఏముందనుకున్నారు? కొట్టం బొమ్మ. ఆ రైతు కొట్టాన్ని పడగొట్టాకే ఈ ప్లాట్లు వేశారు. దాని పలకలు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు గానీ, పాత కొట్టాల చెక్కకు ఈ దేశంలో ఎంత గిరాకీయో తెలుసు. పక్కింటావిడ ముందుగదిలో ఒక గోడ మొత్తం ఆ చెక్కే, మేకులు కొట్టిన చిల్లులతో సహా. స్నానాలగదికి కూడా కొట్టం తలుపు పెట్టించారు, ఇనుప పట్టా మీద గరగరమని పక్కకు జరిగేది. ఉత్తరాల పెట్టె కొట్టం ఆకారంలో ఉంటుంది. గ్యారేజీ నెత్తిన కొట్టాలకు తగిలించే రంగురంగుల చదరపు పలక. 2001లో మా రాష్ట్రంలోని ఆడమ్స్ కౌంటీలో మొదలై దేశమంతా పాకిన వేడుక అది. రాష్ట్రం తన రెండు వందల ఏళ్ల పండుగకు కూడా గుర్తు వేయించడానికి 88 కౌంటీల్లోనూ కొట్టం గోడలే వెతుక్కుంది. అంత ప్రేమ! గోడకు కావాలి, గుమ్మానికి కావాలి, పోస్టుకు కావాలి. ఆవుకు మాత్రం వద్దు.

ఇంకో ముచ్చట. మెడైనా కౌంటీలోని ఒక టౌన్‌షిప్‌లో ఒకరు కొట్టాన్ని పెళ్లిళ్లకు అద్దెకిస్తుంటే జోనింగ్ వాళ్లు అడ్డుపడ్డారు. సొంతదారు ద్రాక్ష తీగలు నాటి, వైన్ తీసి, పెళ్లివారు దాన్ని కొని తీరాలని షరతు పెట్టారు. ద్రాక్ష పండించే చోట వైన్ తీసి అమ్మే కట్టడానికి చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి 2020లో ఒహాయో సుప్రీంకోర్టు ఆ కొట్టానిదే న్యాయమంది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకన్న సామెతను ఒక కోర్టు ఒప్పుకోవడం నేను మొదటిసారి చూశాను. నాకేమో నిజంగానే దూడ ఉంది, నిజంగానే మేత ఉంది, ఎక్కడానికి చెట్టు లేదు.

మన దగ్గర ఈ గొడవ లేదని మురిసిపోకండి. హైదరాబాదు జంట జలాశయాలను కాపాడటానికి చుట్టూ కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన 111 జీవో కిందికి 84 గ్రామాలు వచ్చాయి. అక్కడి ఫామ్‌హౌసుల్లో హౌసులు లెక్కపెట్టిన వారున్నారు, ఫాములు లెక్కపెట్టిన వారిని చూడలేదు.

మా నాన్న గొడ్లపాక వేసిన రోజు నాకు గుర్తుంది. పొద్దున నిట్రాడు పాతారు, దూలం ఎత్తడానికి నలుగురు భుజం పట్టారు, మధ్యాహ్నానికి వాసాలు, సాయంత్రానికి తాటాకు కప్పు. పక్కింటి మామయ్య దూలం కింద నిలబడి 'ఇంకొంచెం ఎడమకు, ఎడమకు' అని అరుస్తూ గొంతు పోగొట్టుకున్నాడు. పాక నీడ పడింది ఆయన దొడ్లోనే. అదే నీడలో ఆయన మంచం వేసుకున్నాడు. ఇక్కడ హోమ్స్ కౌంటీలో, పాతకాలపు పద్ధతుల్లోనే బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ జనం ఇప్పటికీ ఇరుగుపొరుగు కలిసి పెద్ద కొట్టం చట్రాన్ని ఒక్క రోజులో నిలబెడతారు. ఆ ఫొటోలు క్యాలెండర్లకు ఎక్కుతాయి. మా టౌన్‌షిప్ హాలులో, అధ్యక్షుడి తల వెనక వేలాడుతున్నది సరిగ్గా అలాంటి క్యాలెండరే.

ఇక్కడ నాకు నవ్వు రాదు. పల్లె అంటే మీ వంటగది కిటికీకి అతికించిన చిత్తరువు కాదు. అక్కడ పేడ వాసన వస్తుంది, తెల్లవారుజామున ఆవు అరుస్తుంది, ఎవరో ఒకరు చలిలో లేచి దానికి గడ్డి వేస్తారు. ఆ పని చేసే వాడికి నిలబడే చోటు ఇవ్వకుండా, పని చేసిన నేల అందం మాత్రం మాకు కావాలంటే దాన్ని ప్రేమ అనరు, దోపిడి అంటారు. అక్టోబరు వానలకు నా నలభై మోపుల్లో పదకొండు టార్పాలిన్ కింద బూజు పట్టి నల్లబడ్డాయి. బూజు గడ్డి పశువుకు వేయకూడదు, ఎరువులో కలిపాను. వాటికి ఏ సూర్యాస్తమయం బదులిస్తుంది?

బోర్డు నిర్ణయం వాయిదా వేసింది. ముందుగా ఒక షరతు ఆలోచిస్తున్నామన్నారు. కొట్టం ఎవరికీ కనిపించకుండా చుట్టూ దేవదారు జాతి మొక్కలు వరసగా నాటాలట. తరువాత, బహిరంగ సమావేశమని ప్రకటించి మరీ అయిదుగురూ స్థలం చూడటానికి వచ్చారు. టేపు పట్టి కొలిచారు, యాభై ఒక్క అడుగులే వచ్చింది. మళ్లీ కొలిచారు. ఈలోగా దూడ వచ్చి అధ్యక్షుడి కోటు జేబు నాకడం మొదలుపెట్టింది. ఆయన మెత్తబడి ఫోను నా చేతికిచ్చి ఫొటో తీయమన్నాడు. అయిదుగురూ దూడ చుట్టూ చేరారు, పక్కింటావిడ కూడా కంచె దాటి వచ్చి నిలబడ్డారు. తీసి చూపించాను. అధ్యక్షుడు కాసేపు చూసి పెదవి విరిచాడు.

"బాగుంది" అన్నాడు. "వెనకాల ఒక ఎర్ర కొట్టం ఉండి ఉంటే ఇంకా బాగుండేది."