కంప తీస్తే గట్టు కొట్టుకుపోతుందా?

తిరుపతి చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్వర్ణముఖి నదిలో కలిసే మా వంక (వాగు) గట్టు మీద సర్కారు తుమ్మ, అంటే మేం కంప అనే ముళ్లచెట్టు, తీసేసి కానుగ, వావిలి, వట్టివేరు గడ్డి నాటుతున్నవాళ్ల మీద రాసిన మెసేజ్ అది. దాని సారాంశం: "తాతలనాటి కంపచెట్లు కొట్టేస్తున్నారు. వచ్చే వానకు గట్టు కొట్టుకుపోతుంది. నాటినవి ఒక్కటీ బతకవు. గడ్డిలో పాములు చేరతాయి. కావాల్సింది సిమెంటు గోడ. పైగా కంప కొట్టుకుని బతికేవాళ్ల పొట్ట కొడుతున్నారు." ఆ నాటేవాళ్లలో నేనూ ఒకణ్ణి, అందుకే ఈ జవాబు.

తాతలనాటిదంటే ఒప్పుకుంటాను, మన నేలది మాత్రం కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా. 1877లో ఇంగ్లీషు దొరల అటవీ శాఖ తెప్పించి మన పక్కనే, కడప జిల్లా కమలాపురంలో నాటించింది. మిగతా పని మేకలు చేశాయి. కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి తింటాయి, గింజ అరగదు, పెంటికలతో పాటు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది.

గట్టు కొట్టుకుపోతుందన్న మాటలో సగం నిజముంది. జేసీబీ పెట్టి ఒక్క రోజులో మొత్తం పెకలిస్తే గట్టు జారుతుంది, అనుమానమే లేదు. కంప వేరు లోతుగా దిగే మాటా నిజమే. కానీ దట్టంగా పెరిగిన కంప కిందికి వంగి చూడండి, గడ్డిపోచ కనిపించదు. పైమన్ను బోసిగా ఉంటుంది, వాన పడితే గట్టు నిండా గాట్లు పడతాయి. పైమన్నును పట్టి ఉంచేది గడ్డివేళ్లు. వట్టివేరు 2, 3 మీటర్ల లోతుకు నిలువుగా దిగుతుంది, వాలుకు అడ్డంగా వరస వేస్తే కొట్టుకొచ్చే మన్ను అక్కడే ఆగుతుంది. అందుకే మేం కొంచెం కొంచెంగా, గట్టు పైనుంచి కిందికి తీసుకుంటూ వస్తున్నాం. నీటి అంచున ఉన్న కంపను కొత్తవి వేరూనేదాకా ముట్టుకోం. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, జూలై జల్లులకే నాటితే అప్పటికి వేళ్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి. ఇంకో మాట, కంపను పైపైన నరికితే ఒక్క మోడుకు పది కొమ్మలు వస్తాయి. గడ్డపారతో మొదలు తవ్వి తీయాల్సిందే. నడుములు పోయే పని, వచ్చి చూడొచ్చు.

నీళ్లకు అడ్డం రాకూడదని వంక మధ్యలో మేం చెట్లు పెట్టడం లేదు. అక్కడ రెల్లు, తుంగ ఉంటే చాలు, ప్రవాహానికి వంగి మళ్లీ లేస్తాయి. ప్లాస్టిక్ కవర్లను ముళ్లతో పట్టి కల్వర్టు దగ్గర నీళ్లను ఆపేది ఈ కంపే.

ఇక బతకవన్న మాట. ఫొటో కోసం నాటినవి బతకవు, నిజమే. ముందు రెండు ఎండాకాలాలు నీళ్లు పోసేవాళ్లుంటే బతుకుతాయి. వావిలి కొమ్మ తడిమట్టిలో గుచ్చితేనే నాటుకుంటుంది. వావిలి, కానుగ ఆకుల జోలికి మేకలు పెద్దగా పోవు. నేరేడుకు, ఏరుమద్దికి కంచె కావాలి. కాయలు దులిపేసి కొట్టిన కంపనే చుట్టూ వేస్తున్నాం.

పాములు ఎలుకల కోసం వస్తాయి, ఎలుకలు మనం వంకలో పారబోసే చెత్త కోసం. మనిషి చెయ్యి దూరని కంపపొద కంటే వాటికి మంచి చోటు ఉందా?

సిమెంటు గోడ వల్ల నీటి వేగం పెరుగుతుంది. ఆ నీళ్లు గోడ అడుగున మన్ను తోడేస్తాయి, లేదంటే గోడ అయిపోయిన చోట ఒడ్డును కోస్తాయి. 2021 నవంబర్ వరదలో తిరుచానూరు దగ్గర ఇల్లు స్వర్ణముఖిలోకి కూలిన వీడియో అందరం చూశాం. ఒడ్డు కోత అంటే ఏమిటో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బిల్డింగ్ ఒడ్డు మీదికే వచ్చేసిన చోట గోడ తప్పదేమో, మా వంక పొడుగునా ఆ అవసరం లేదు.

పొట్ట కొట్టడం గురించి అన్నది మాత్రం కొట్టిపారేయలేను. కంపతోనే పొయ్యి వెలిగే ఇళ్లున్నాయి, బొగ్గు కాల్చి అమ్ముకునేవాళ్లున్నారు. ఇప్పటికి కొట్టిన కట్టె అంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఈ గట్టు మీద కంప అయిపోయాక ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. ఊరవతల బీడులో ఉన్న కంప జోలికి పోవద్దని వాళ్లు అడిగారు, సరే అన్నాం.