పిల్లలకు నోట్లు నేర్పకండి

నాలుగేళ్లు నిండని పిల్లలకు నోట్లు గుర్తుపట్టడం నేర్పాలని ఈమధ్య కొందరు తల్లిదండ్రులు ముచ్చటపడుతున్నారు. ఇల్లు గుల్లవుతుందన్న భయం బొత్తిగా లేదు.

ఇప్పుడేం తక్కువైందని? మేనమామ వెళుతూ వెళుతూ పిల్లాడి చేతిలో ఐదొందలు పెడతాడు. అమ్మ "ఇలా ఇవ్వు నాన్నా, దాస్తా" అని అందుకుని ఐదు పదిరూపాయల నోట్లు ఇస్తుంది. వాడు ఎగిరి గంతేస్తాడు. ఆ వయసులో ఎన్ని కాగితాలుంటే అంత డబ్బు. నిమిషంలో 450 రూపాయల లాభం!

నేర్పక తప్పదంటే, ఏమీ రాకుండా నేర్పే మార్గాలున్నాయి. ముందువైపే చూపించండి. ఏ నోటు చూపినా "గాంధీ తాత" అంటాడు, తప్పనడానికి లేదు. సైజు చెప్పండి. వంద, రెండొందలు, ఐదొందల వెడల్పు ఒకటే, పొడవు 142, 146, 150 మిల్లీమీటర్లు. ఆ నాలుగేసి మిల్లీమీటర్లు మన కంటికే ఆనవు. రంగు ఇంకా భేషు. కొత్త ఇరవై, రెండొందలు రెండూ పసుపు చాయే. పాత ఇరవై ఎరుపు, అదీ చెల్లుతుంది. బొమ్మ నోట్లు కొనిచ్చినా మంచిదే. 2017లో ఢిల్లీలో ఒక ఏటీఎం 'చిల్డ్రన్ బ్యాంక్' అని అచ్చేసిన రెండువేల రూపాయల బొమ్మ నోట్లు ఇచ్చింది. యంత్రానికే తెలియనిది పసివాడికేం తెలుస్తుంది?

నోటు వెనక్కి మాత్రం తిప్పకండి. పది మీద కోణార్క్ చక్రం, యాభై మీద హంపి రథం, ఐదొందల మీద ఎర్రకోట. బొమ్మ ఒకసారి పట్టుబడితే రంగు మాసినా వాడు మోసపోడు. పదిహేను భాషల వరుసలో ఉర్దూకి సరిగ్గా పైన తెలుగు ఉంటుంది. అక్షరాలొచ్చిన పిల్లలకు దాన్ని అసలు చూపకండి.

అన్నిటికన్నా ప్రమాదం మార్పిడి ఆట. ఒకపక్క ఐదు పదులు, ఇంకోపక్క ఒక్క యాభై పెట్టి "ఏది ఎక్కువ?" అంటారు. వాడు పదులవైపే చూపిస్తాడు. అక్కడ ఆపేస్తే క్షేమం. కానీ కొందరు పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చి, పదికొకటి చొప్పున ఐదు పేర్చి, ఆ ఐదింటినీ తీసుకెళ్లి యాభై ముందు పెడతారు. రెండుమూడు రోజులు ఇదే ఆడితే పిల్లాడు చేయిదాటిపోయినట్టే. ఆపైన ఇరవై ఇచ్చి కొట్టుకు పంపారో, చిల్లర బదులు చాక్లెట్ ఇచ్చే శెట్టిగారిని "రెండు రూపాయలే ఇవ్వండి" అని నిలదీస్తాడు.

అప్పటికే నేర్చేసుకుంటే ఒక్కటే విరుగుడు. ఇంట్లో నోటన్నది కనబడనీయకండి, అన్నిటికీ స్కాన్ చేయండి. కౌంటరు మీది డబ్బా ఎంత వచ్చిందో గట్టిగా చెబుతుంది గానీ, ఎవరి దగ్గర ఎంత మిగిలిందో చెప్పదు.