చదివింపులు

మా చెల్లి పెళ్ళికి 116 మంది చుట్టాలు రాకుండా పోయేవాళ్ళు. కారణం నేను. వాళ్ళతో నాకు పొలం గట్టు తగాదాలు లేవు, పాత బాకీలు లేవు. జావా అనే కంప్యూటరు భాషలో ఒక్క లైను తప్పు రాశాను, అంతే.

నాన్న తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి కుదిరిన మర్నాడే తెల్ల కాగితాలు ముందేసుకుని పిలవాల్సినవాళ్ళ పట్టిక రాశారు. ఇంటి వరస, వయసు వరస ఎక్కడా తప్పలేదు. ముందు పెద్ద మామయ్య, ఆ కింద చిన్న మామయ్య. ముందు పెద్ద బాబాయి, ఆ కింద చిన్న బాబాయి. మా వంశంలో ఎవరింట చూసినా ఇద్దరేసి అన్నదమ్ములు కాబట్టి పట్టిక జతలు జతలుగా సాగింది. మొత్తం 231 పేర్లు. పైన నడిమధ్య 'శ్రీ', మూలలకు పసుపు. చెల్లి దాన్ని నోట్‌ప్యాడ్‌లో లైనుకొక పేరు, ఆ పక్కనే ఊరు చొప్పున టైపు చేసింది. నాన్న మాట జవదాటదు కాబట్టి పైన 'శ్రీ' కూడా కొట్టింది.

"కవర్ల మీద పేర్లు రాయాలి, నా చెయ్యి లాగేస్తోందిరా" అన్నారు నాన్న.

"లేబుళ్ళు ప్రింటు తీద్దాం నాన్నా, పది నిమిషాల పని."

"వర్డ్‌లో మెయిల్ మెర్జ్ అని ఉంటుంది, పట్టికలో పేర్లన్నీ అదే లేబుళ్ళ మీద వేస్తుంది అన్నయ్యా" అంది చెల్లి.

అది చేతకానివాళ్ళ కోసం అన్నాను. నేను పదకొండేళ్ళుగా హైదరాబాదులో జావా రాసి బతుకుతున్నవాణ్ణి. ఆ పదకొండేళ్ళలో ఒక ఫైలు తెరిచి మొదటినుంచి చివరిదాకా చదివే ప్రోగ్రాం ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలని మాత్రం చెప్పలేదు. ఆఫీసులో అలాంటివన్నీ ఎవరో పుణ్యాత్ములు ముందే రాసి పెట్టేస్తారు. మేం మీటింగులు చూసుకుంటాం.

ఇంట్లో ఉన్నది చెల్లి కాలేజీ రోజుల విండోస్ ల్యాప్‌టాప్, అందులో జావా 8. నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. పరీక్ష హాల్లో పక్కన మాస్టారు నిలబడితే వచ్చిన జవాబు కూడా మర్చిపోతాం చూడండి, నాకు ఆ వయసులో ఆ దశ పట్టింది. జావాలో ఫైళ్ళు చదివిపెట్టే ఫైల్ రీడర్‌తో ఫైలు తెరిచి, ఒక్కో అక్షరం చదవమని 'రీడ్' అన్నాను. తెర మీద 224, 176, 182, 224, 177 అంటూ వరసగా అంకెలు పడ్డాయి.

"అక్షరం చదవమంటే అంకెలు చెప్తుందేంరా?"

"ఫైలు అయిపోయాక 'ఇక లేదు' అని చెప్పడానికి మైనస్ 1 ఇస్తుంది నాన్నా. అక్షరాలకు సున్నా నుంచి 65,535 దాకా అంకెలు కేటాయించారు. అయిపోయిందన్న కబురు వాటిల్లో దేనితోనూ కలిసిపోకూడదు. అందుకని అంకెగానే చేతికిస్తుంది, అక్షరంగా మార్చుకోవడం మన పని."

"బాగుంది. పైనున్నది 'శ్రీ' ఒక్కటే కదా. దానికి పన్నెండు అంకెలా?"

నాన్న తెలుగు మాస్టారు, లెక్కల మాస్టారు కాదన్న ధైర్యంతో ఉన్నాను. కానీ అక్షరాలు లెక్కపెట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. నేను జవాబు చెప్పకుండా అంకెల్ని అక్షరాలుగా మార్చి మళ్ళీ నడిపాను.

ఈసారి తెర నిండా బొమ్మలు. 'శ' ఉండాల్సిన చోట తల మీద గీత పెట్టుకున్న ఇంగ్లీషు 'ఏ', పక్కన ఉష్ణోగ్రతలకు పెట్టే చిన్న సున్నా, ఆ పక్కన పేరాగ్రాఫు గుర్తు. హల్లు కనబడితే చాలు, ఆ డిగ్రీ సున్నా తప్పనిసరి. గుడిదీర్ఘం ఉన్న ప్రతి చోటా యూరో గుర్తు.

"ఇన్ని డిగ్రీలున్నవాళ్ళు మన చుట్టాల్లో ఎవర్రా?" అన్నారు నాన్న.

అమ్మ వంటింట్లోంచి వచ్చి తొంగి చూసింది. "ఈ యూరోలేంటి, అప్పుడే చదివింపులు కూడా రాసేశావా?"

సంగతేంటంటే, అక్షరాల్ని బైట్లనే అంకెలుగా మార్చి దాచే రాతలు చాలా ఉన్నాయి, నోట్‌ప్యాడు ఆ ఫైలును యూటీఎఫ్-8 అనే రాతలో దాచింది. అందులో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. మనకు 'శ్రీ' ఒక్క అక్షరమే గానీ కంప్యూటరుకు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు. నాలుగు మూళ్ళు పన్నెండు. నా ఫైల్ రీడరేమో ఇది ఏ రాత అని ఎవర్నీ అడగలేదు, ఆ మిషన్‌కు అలవాటైన విండోస్-1252 అనే ఇంకో రాత ప్రకారం ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివేసింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కోడలు వాళ్ళ పుట్టింటి వరసలతో అందర్నీ పిలిచినట్టు.

జావా మొదటి కూర్పు వచ్చింది 1996లో. అందులో బైట్లు చదివే ఏర్పాటే ఉండేది. అక్షరాల కోసమని రీడర్ కుటుంబం 1997లో వచ్చింది. ఆ కుటుంబంలో రీడర్ అనేది ఇంటిపెద్ద. స్వయంగా ఏ పనీ చెయ్యదు, మిగతావాళ్ళంతా ఏమేం చెయ్యాలో చెప్తుంది. దాన్ని ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అంటారు. మా ఇంట్లో నాయనమ్మ అంటాం.

జావా 11లో, అంటే 2018లో, ఫైల్ రీడరుకు ఇది ఫలానా రాత అని చెప్పే వీలొచ్చింది. 2022లో వచ్చిన జావా 18 అయితే మనం చెప్పకపోయినా యూటీఎఫ్-8 అనే అనుకుంటుంది. మా చెల్లి ల్యాప్‌టాప్ ఆ రెండిటికీ నోచుకోలేదు. కాబట్టి పాత పద్ధతిలో ముగ్గుర్ని పెట్టాను. ఫైల్ ఇన్‌పుట్ స్ట్రీమ్ బియ్యం బస్తా మోసుకొచ్చేవాడు, అతనికి గింజలే తెలుసు. ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్ వంటవాడు, యూటీఎఫ్-8 అని చెప్తే గింజల్ని అన్నం చేస్తాడు. బఫర్డ్ రీడర్ వడ్డించేవాడు. మెతుకు మెతుకూ మోయకుండా బకెట్‌తో తెస్తాడు, బకెట్‌కు 8,192 అక్షరాలు పడతాయి. పైగా 'రీడ్‌లైన్' అంటే ఒక లైను లైనంతా ఒకేసారి వడ్డిస్తాడు.

నడిపితే తెర మీద 'శ్రీ' కనబడింది. నిజం తెలుగు 'శ్రీ', క్రావడితో సహా. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ప్రతి పేరు ముందూ 'మహారాజశ్రీ' ఉండాలని ఆయన ఆజ్ఞ. అలా చేస్తే మొదటి లేబులు మీద 'మహారాజశ్రీ శ్రీ' అని పడుతుంది. అందుకని ఫైల్లో పైనున్న 'శ్రీ' తీసేశాను. మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న నాయనమ్మ చూడనే చూసింది.

"శుభమా అని శుభలేఖలు రాస్తూ శ్రీ తీసేస్తావేంట్రా?"

"అది మనిషి పేరు కాదు నాయనమ్మా."

ఇక లేబుళ్ళ లూపు. లైను ఉన్నంతసేపూ, లైను చదివి, ముందు మహారాజశ్రీ తగిలించి, కాగితం మీదికి పంపు. రెండు లైన్ల ప్రోగ్రాం. ప్రింటరు గురగురమంది.

"ఎన్నొచ్చాయిరా?"

లెక్కపెట్టాను. "నూట పదహారు."

"శుభం!" అన్నారు నాన్న. పెళ్ళింట్లో నూట పదహారు అని వినబడ్డాక ఇంకెవరికైనా అనుమానం వస్తుందా? మిగతావాళ్ళకు నేను వాట్సాప్‌లో పంపుతున్నానని ఆయన అనుకున్నారట. నేను ఏమీ అనుకోలేదు. ప్రోగ్రాం ఎర్ర అక్షరాలేవీ చూపించకుండా ఆగింది, మా వృత్తిలో దాన్నే విజయం అంటారు.

కవర్లకు లేబుళ్ళు అంటిస్తున్న అమ్మ ఆఖరిది చేత్తో పట్టుకుని ఆగింది. "మహారాజశ్రీ నల్. ఊరు లేదు, గారు లేదు. మీ ఆఫీసులో ఉత్తరాది అబ్బాయా?"

అక్కడైనా నాకు వెలగాలి. నల్ అంటే జావాలో 'ఏమీ లేదు'. లైన్లు అయిపోయాక రీడ్‌లైన్ ఇచ్చే జవాబు అదే, నేను దాన్ని కూడా మర్యాదగా మహారాజును చేశాను. ఈ నల్‌ను 1965లో ఒక భాషలో పెట్టిన టోనీ హోర్ అనే పెద్దాయన, 2009లో ఒక సభలో నిలబడి అది తన వంద కోట్ల డాలర్ల తప్పని ఒప్పుకున్నాడు. ఆయనకు మా పెద్ద మామయ్య పరిచయం లేడు కాబట్టి డాలర్లతో సరిపెట్టాడు.

"మహారాజంటున్నారుగా, నలమహారాజే అయ్యుంటాడు. దమయంతి పేరు కూడా వెయ్యరా" అంది నాయనమ్మ.

అందరం నవ్వుకున్నాం. ఆ కవరు టీవీ స్టాండు మీద పెట్టేసి, మిగతా 115 కొరియర్‌లో వేశాం.

వారం తిరక్కుండా పెద్ద మామయ్య ఫోను. నాన్న స్పీకర్లో పెట్టారు.

"బావగారూ, చిన్నోడికి కార్డొచ్చింది. పసుపూ కుంకం అద్ది మరీ పంపారు. చాలా సంతోషం."

ఆ 'సంతోషం' అన్న మాటను ఆయన పలికిన తీరు రాసి చూపించడం నా వల్ల కాదు. తర్వాత పెద్ద బాబాయి. తర్వాత తాతయ్య గారి వైపు పెద్దాయన ఒకరు, ఆయన ఫోను కూడా చెయ్యలేదు, చెయ్యలేదన్న సంగతి ఇంకొకరి చేత చెప్పించారు. సాయంత్రానికి నాన్న తన పట్టిక తీసి, ఎర్ర పెన్నుతో వెళ్ళినవాళ్ళకు టిక్కు, వెళ్ళనివాళ్ళకు ఇంటూ పెట్టడం మొదలెట్టారు. ఇంటూ, టిక్కు, ఇంటూ, టిక్కు. పేజీ చివర ఆగారు.

"ఒరేయ్, ఇదంతా హగణాలే. గురువు, లఘువు, గురువు, లఘువు. గురువులందరూ ఎగిరిపోయారు."

ప్రోగ్రాం తీసి చూశాను. 'లైను ఉన్నంతసేపూ' అన్న చోట లైను ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడింది రీడ్‌లైన్‌నే. అది ఉందని చెప్పి ఊరుకోదు, ఆ లైను చదివి చేతిలో పెడుతుంది. నేను దాన్ని పట్టుకోకుండా వదిలేసి, లేబులు కోసం మళ్ళీ రీడ్‌లైన్ అన్నాను. గిన్నెలో ఇడ్లీలు ఉన్నాయో లేవో చూడ్డానికి ఒకటి నోట్లో వేసుకుని, ఉన్నాయని తేలాక రెండోది పళ్ళెంలో పెట్టినట్టు. జతలో మొదటివాణ్ణి ప్రతిసారీ నేనే మింగాను. స్ట్రీమ్ అంటే ఏరు, పారిన నీళ్ళు వెనక్కి రావు. (మార్క్, రీసెట్ అని వెనక్కి వెళ్ళే దారి ఉంది కానీ, అది ముందే గుర్తు పెట్టుకున్న బుద్ధిమంతులకు.) చదివిన లైనును ఒక చోట దాచుకుని, అది నల్ అవునా కాదా అని దాన్నే చూసుకుంటే సరిపోయేది.

వెంటనే స్కూటరు తీశాం. తెనాలిలోనే ఉన్నాడు కాబట్టి ముందు పెద్ద మామయ్య ఇల్లు. కవరు మీద పేరు రాసే తీరిక లేదు, పసుపు కుంకం అద్ది సిద్ధంగా ఉన్న కార్డు చేతికందితే తీసుకుని బయల్దేరాను. మామయ్య వీధి అరుగు మీదే ఉన్నాడు. ఆయన రిజిస్ట్రారాఫీసులో పని చేసి రిటైరయ్యాడు, కాగితాల విషయంలో ఎవర్నీ తేలిగ్గా వదలడు. నేను జరిగిందంతా చెప్పాను. బియ్యం బస్తా, బకెట్, ఇడ్లీ, అన్నీ. ఓపిగ్గా విన్నాడు.

"అంటే మా పేరు నువ్వు చదివావు."

"చదివాను మామయ్యా."

"చదివి పడేశావు."

"...అవును మామయ్యా."

"చదవలేదంటే పోన్లే, చూసుకోలేదనుకునేవాణ్ణి."

నాన్న స్కూటరు అద్దం సర్దుకుంటున్నారు. నేను రెండు చేతులతో కార్డు అందించాను. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని కవరు మీద లేబులు చదివాడు. టీవీ స్టాండు మీద కార్డు నాకు ఎందుకంత సులువుగా దొరికిందో అప్పుడు తెలిసింది.

"మహారాజశ్రీ నల్. నల్ అంటే?"

"ఏమీ... లేదని అర్థం మామయ్యా."

"ఓహో" అన్నాడు.

మిగిలిన 115 మందికి నాన్నే కవర్ల మీద చేత్తో రాశారు. తెనాలి, గుంటూరు, బాపట్ల చుట్టుపక్కల ఉన్నవాళ్ళ గుమ్మాలన్నీ ఎక్కి దిగాం. దూరాన ఉన్నవాళ్ళకు ముందు ఫోన్లో క్షమాపణ, తర్వాత కొరియర్లో కార్డు. ఒక రాత్రి నిద్రపట్టక, ఫైలు పైన మళ్ళీ 'శ్రీ' పెట్టి, ఆ తప్పు ప్రోగ్రామునే నడిపి చూశాను. మొదటి ఇడ్లీగా 'శ్రీ'ని మింగింది. ఆ తర్వాత పెద్ద మామయ్య, పెద్ద బాబాయి, పెద్దలందరూ వరసగా వచ్చారు. లేబుళ్ళు మళ్ళీ నూట పదహారే, నల్ మాత్రం లేడు. తప్పిపోయినవాళ్ళంతా చిన్నవాళ్ళు, వాట్సాప్ పెడితే చాలనుకునే బాపతు. ఈ సంగతి నాయనమ్మకు చెప్పలేదు, చెప్పబోను.

పెళ్ళికి పెద్ద మామయ్య అందరికంటే ముందొచ్చాడు. ఆ రోజు నాకు మంచినీళ్ళ సీసాల పని తప్ప ఇంకేదీ అప్పజెప్పలేదు. చదివింపుల బల్ల దగ్గర మా బాబాయి కొడుకు నోటు పుస్తకంతో కూర్చుని, వచ్చిన కవరు వచ్చినట్టు మైకులో చదువుతున్నాడు. మామయ్య లాల్చీ జేబులోంచి ఒక కవరు తీసి వాడి ముందు పెట్టి, నా వైపు ఒకసారి చూసి, భోజనాల వైపు నడిచాడు.

మావాడు కవరు అటూ ఇటూ తిప్పాడు. లేబులు దగ్గర కాసేపు తటపటాయించి, మైకు దగ్గరికి జరిగాడు.

"నలమహారాజు గారు, నూట పదహార్లు!"

మొదటి వరస కుర్చీలో ఉన్న నాయనమ్మ తలెత్తి చుట్టూ చూసింది.

"దమయంతి రాలేదా?"