పంచశీలాలకూ ఎల్‌ఆర్‌ఎస్ కావాలి

నేను నల్లగొండలో ప్లాట్లు అమ్ముతాను, బౌద్ధం అభ్యసిస్తాను. ఉదయం అయిదింటికి ఆనాపానసతి, అంటే శ్వాస మీద ధ్యాస, తొమ్మిదింటికి కొనేవాళ్లకు సైటు చూపించడం. ఈ రెండూ పొసగవని కొందరు మిత్రులు నా వెనకాల అనుకుంటున్నట్టు తెలిసింది. అనుకోనివ్వండి, నాకు కోపం రాలేదు. కోపం రాలేదని ఆ రోజే నలుగురికి ఫోను చేసి మరీ చెప్పాను.

విషయానికి వస్తాను. అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొన్నవాడికి మన రాష్ట్రంలో ఒక దారి ఉంది, లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్. 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టుకున్నవాడు అయిదేళ్లు ఓపిక పట్టాడు. 2025లో ప్రభుత్వమే పిలిచి, గడువులోగా కడితే 25 శాతం తగ్గిస్తామంది. తప్పు జరిగింది, రుసుము కట్టాడు, తప్పు కాస్తా ఒప్పయింది. మరి శీలం తప్పినవాడికి ఈ సౌకర్యం ఏది? రెండున్నర వేల ఏళ్లుగా ఒక్క రాయితీ ప్రకటించకుండా నడుస్తున్న వ్యవస్థ నాకు తెలిసి ఇదొక్కటే. కనుక పంచశీలాల ఉల్లంఘనల క్రమబద్ధీకరణ కోసం ఈ వినతి.

ముందుగా నా అర్హత. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు అయిదని బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఆ జాబితాను నాలుగుసార్లు చదివాను. అందులో రియల్ ఎస్టేట్ లేదు. హాలియాలో పురుగుమందుల దుకాణం నడిపే మా బావమరిదికి మాత్రం అయిదోది తగులుతుంది, అతని మీద రోజూ పది నిమిషాలు మైత్రీ భావన చేస్తున్నాను. ఇక మా వెంచరు గేటు దగ్గర పద్మాసనంలో బుద్ధుడి విగ్రహం, రసీదు పుస్తకం మీద అదే బొమ్మ. ‘సర్వం అనిత్యం’ అని తెల్లవారుజామున మననం చేసి, పదిన్నరకు ‘తరతరాలకు తరగని ఆస్తి’ అని నవ్వుతూ చెప్పాలంటే ఎంత సమాధి కుదరాలో అమ్మేవాడికే తెలుస్తుంది.

మొదటి శీలం ప్రాణహింస చేయకపోవడం. చేతననే కర్మ అంటాను అని బుద్ధుడి మాట. అంటే మనసులో ఏముందన్నదే లెక్క. సాయంత్రం దోమల బ్యాటు పట్టుకున్నప్పుడు నా చేతన గాలి విసురుకోవడమే. మధ్యలో వచ్చి చటచటమన్న దోమ చేతన ఏమిటో అది చూసుకోవాలి. ఆదివారం మటన్ సంగతి ఇంకా సులువు. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసం భిక్షువులకు సైతం దోషం కాదు. అందుకే దుకాణం ముందు కళ్లు మూసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిలబడతాను. ‘తొడ భాగం వేయి’ అని చెప్పేటప్పుడు కొద్దిగా అనుమానం వస్తుంది, నిజమే. దానికి రుసుము ఎంతో చెబితే కడతాను.

రెండోది, ఇవ్వనిది తీసుకోకపోవడం. పైవాటా వాళ్ల వైఫై మా హాల్లోకి దానంతట అదే వస్తోంది. మూడోది ఇంట్లోవాళ్లు కూడా చదివే వ్యాసం కనుక వదిలేస్తున్నాను.

నాలుగోది, అబద్ధం ఆడకపోవడం. ఇక్కడే నా వృత్తికీ ధర్మానికీ పేచీ. ఎల్బీనగర్‌లో ఎదురుచూస్తున్న కొనుగోలుదారుడికి నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర టీ తాగుతూ ‘చౌటుప్పల్ దాటాను’ అని చెప్పాననుకోండి, అది అబద్ధమా? జీవితంలో ఎన్నోసార్లు దాటాను. ఎప్పుడు దాటావని అతను అడగలేదు. కరపత్రంలో ‘హైవేకు అయిదే నిమిషాలు’ అని అచ్చు వేశాం. ఏ బండి మీద అన్నది వేయలేదు, కాగితం చాలలేదు. ‘ట్రిపుల్ ఆర్ పక్కనే’ (రీజనల్ రింగు రోడ్డు లెండి) అన్నదాని మీద ఒకాయన టేపు పట్టుకుని వచ్చి గొడవపడ్డాడు. ఆయనకు శూన్యవాదం చెప్పిన బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు తెలియదు పాపం. పొడుగును బట్టే పొట్టి, దేనికీ సొంత స్వభావం లేదు అన్నాడు ఆచార్యుడు. అదే లెక్కన దూరాన్ని బట్టే దగ్గర. చంద్రమండలంతో పోల్చి చూస్తే మా వెంచరు రోడ్డును ఆనుకునే ఉంది. అసలు శూన్యతను గజాల లెక్కన అమ్ముతున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. ఖాళీ జాగాను ఖాళీ జాగా అనే చూపిస్తున్నాను కదా!

మత్తు వద్దనే అయిదో శీలం మీద మా సార్‌తో చర్చ జరిగింది. సార్ రిటైరైన బడిపంతులు. ఆదివారాలు తన ఇంటి వసారాలో అయిదారుగురికి పాళీ చెబుతారు, పైసా తీసుకోరు. గోడ మీద రెండే పటాలు, బుద్ధుడిదీ అంబేడ్కర్‌దీ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ దీక్ష తీసుకున్న కబురు చాలా ఆలస్యంగా వాళ్ల వాడకు చేరిందట. చేరిన తర్వాత సార్ నాన్నగారు ఊరి పెద్దల ముందు చెప్పులు విడవడం మానేశారట. ఆ ఇంటికి బౌద్ధం అలా వచ్చింది. మా ఇంటికి రక్తపోటు మాత్రలతోపాటు వచ్చింది, డాక్టరు రెండూ ఒకే చీటీ మీద రాశారు.

సరే, ‘సురామేరయమజ్జ పమాదట్ఠానా’ అన్నారు కదా సార్, సుర ఉంది, మేరయం ఉంది, తాటికల్లు ప్రస్తావన ఎక్కడుంది అని అడిగాను. సార్ స్వాగతుడి కథ చెప్పారు. ఆ భిక్షువు ఒక భయంకరమైన నాగుణ్ణి లొంగదీశాడు. ఊరంతా సంబరపడి ఇంటింటా మద్యం పోసి మర్యాద చేసింది. కాదనలేక అన్నిళ్లలోనూ తాగి, ఊరి వాకిట్లో పడిపోయాడు. మోసుకొచ్చి బుద్ధుడి వైపు తల పెట్టి పడుకోబెడితే, మత్తులో తిరిగి తిరిగి ఆయన వైపే కాళ్లు చాపాడు. ఇప్పుడు ఇతను నీటిపామునైనా లొంగదీయగలడా అని అడిగాడట బుద్ధుడు. “పేరు సుర అయితే ఏమిటి, కల్లు అయితే ఏమిటి? పమాదం అంటే ఏమరుపాటు. నిన్ను నీకు లేకుండా చేసేది ఏదైనా అంతే,” అన్నారు సార్. నేను తల ఊపుతూ ఫోనులో రేట్లు చూస్తున్నాను. “ఇప్పుడు నేనేం చెప్పాను?” అన్నారు. కల్లు గురించి చెప్పారు సార్ అన్నాను.

ఇక్కడే భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం మీద నాకు గౌరవం పెరిగింది. భిక్షువుల నియమాలు 227. ఒక్కటీ ముందుగా ఊహించి పెట్టింది కాదట. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి దొరికిపోయిన తర్వాతే నియమం. ఇలా దొరికిపోవడంలో ఆరితేరిన ఆరుగురు భిక్షువుల జట్టు ఒకటి ఉంది, ఛబ్బగ్గియులు అంటారు. ఒక నియమం పెడితే దాని పక్కనుంచి సందు వెతకడమే వాళ్ల సాధన. వాళ్ల పేరున ఒక్క విగ్రహం లేకపోవడం అన్యాయం. లోకంలో ఈ రోజు బుద్ధుడి ప్రధాన శిష్యుడు సారిపుత్తుడి వారసులు ఎందరో నాకు తెలియదు, ఛబ్బగ్గియుల వారసులం మాత్రం లేఅవుట్ల నిండా ఉన్నాం.

ఆ పరంపరకు తగ్గట్టే సార్ ముందు ఒక ప్రశ్న పెట్టాను. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో తవ్వకాల్లో ఒక కుండ దొరికింది, అందులో 3,730 నాణేలు. ఇక్ష్వాకుల కాలంవి, సీసంతో చేసినవి. భిక్షువు బంగారం, వెండి ముట్టకూడదన్నారు గానీ సీసం అనలేదు కదా సార్! సార్ నవ్వలేదు. చలామణీలో ఉన్నది రాగి అయినా, కొయ్య అయినా, లక్క అయినా ‘వెండి’ కిందికే వస్తుందని వినయంలోనే రాసి ఉందన్నారు. నా కంటే ముందే ఎవరో ఆ సందు వెతికి ఉంటారు. మన రిజిస్ట్రేషన్ చట్టాలు ఇలాంటివాళ్లు రాసి ఉంటే నా వ్యాపారం ఏమయ్యేదో!

సాధనలో నిజాయితీ లేదని మాత్రం నన్నెవరూ అనలేరు. పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లాను. నాలుగింటికి గంట, రాత్రి భోజనం లేదు, ఫోను అప్పగించాలి, తొమ్మిది రోజులు ఆర్యమౌనం. ఆ తొమ్మిది రోజులూ, బయటకు వచ్చాక మౌనం గురించి ఏం పోస్టు పెట్టాలో మనసులోనే దిద్దుకున్నాను. పద్నాలుగు పేరాలు వచ్చాయి. ఇంటికి వచ్చి నా అనుభవమంతా చెబితే మా ఆవిడ పూర్తిగా విని, “అక్కడ వంట ఎవరు చేశారు?” అంది. ధర్మసేవకులు, పాత సాధకులే స్వచ్ఛందంగా చేస్తారు అన్నాను. “ఇక్కడ?” అంది. ఆ ప్రశ్నలో లోతు ఉన్నట్టు అనిపించి తర్వాత ఆలోచిద్దామని పక్కన పెట్టాను. నా ధ్యానం వేళకే ఆమె కుక్కరు కూత వేస్తుంది. మూడో కూతకు నా సమత దెబ్బతింటుంది, నాలుగో కూతకు అరుస్తాను. అయినా ఇళ్లలో ఈ పంపకం పాతదే. మూడో శతాబ్దంలో విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసి బిరుదులు చెక్కించుకుంటే, ఆయన సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. గుర్రం కథ రాతిలోనే మిగిలింది. ఆమె కట్టించిన చోటును ముంచడానికి నాగార్జునసాగర్ నీళ్లు రావాల్సి వచ్చింది, అప్పుడు కూడా జనం ఆ శిల్పాలను మోసుకుని కొండెక్కించారు.

సాగర్ అంటే గుర్తొచ్చింది. 274 ఎకరాల బుద్ధవనం 2022లో తెరిచారు. ఆధునిక జీవితానికి ధర్మం ఎలా సర్దుకోవాలో చూడాలంటే సెలవు రోజున అక్కడికి వెళ్లండి. మొన్న కాబోయే దంపతులు పెళ్లికి ముందరి ఫొటోలు దిగుతున్నారు. ఫొటోగ్రాఫరు ఏరికోరి నిలబెట్టిన చోటు మహాభినిష్క్రమణ శిల్పం. నిద్రపోతున్న భార్యనూ పసికందునూ వదిలి సిద్ధార్థుడు వెళ్లిపోతున్న రాత్రి అది. “సార్, మేడం భుజం మీద చేయి వేయండి, ఆ గుర్రం కూడా పడాలి,” అంటున్నాడు. నేనెందుకు కలగజేసుకోవాలి? పెళ్లయ్యాక ఇల్లు కట్టుకుంటారు, స్థలం కావాలి. కార్డు ఇచ్చి వచ్చాను.

కాబట్టి నా ప్రతిపాదన. అబద్ధానికి చదరపు గజాన్ని బట్టి రుసుము ఉండాలి. దోమలకు మూకుమ్మడిగా ఒకేసారి. కల్లుకు పండుగ రోజుల్లో మినహాయింపు. వైశాఖ పౌర్ణమిలోగా కట్టినవాళ్లకు 25 శాతం తగ్గింపు. ఈ ముసాయిదా సార్ చేతికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. ఒక దీర్ఘం తప్పు పడితే ఎర్రసిరాతో దిద్దారు. “రుసుము ఎవరికి కడతావు?” అన్నారు. అది ఇంకా తేలలేదన్నాను.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ ఎండలో నడుచుకుంటూ వెంచరుకు వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయిందట. చివర్లో చేతికి వచ్చిన డబ్బు, కమ్మలు కుదువపెట్టిన డబ్బు కలిపి కొంగున కట్టుకుంది. గేటు దగ్గర బుద్ధుడి విగ్రహానికి దండం పెట్టింది. ఆ గద్దె కింద ఏముందో మేస్త్రీకి, నాకు తెలుసు. చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో చూపించే ఎఫ్‌టీఎల్ రాయి అక్కడే ఉండేది. సరిగ్గా దాని మీదే గద్దె కట్టించాను.

“బిడ్డా, ఇది చెరువు శిఖం కాదు కదా?” అని అడిగింది.

నాలుగో శీలం గుర్తొచ్చింది. అబద్ధం చెప్పకూడదు. కళ్లు మూసుకుని ఆర్యమౌనం పాటించాను. శ్వాస లోపలికి పోతోంది, బయటకు వస్తోంది. దూరంగా కొంగలు అరుస్తున్నాయి.

“ధ్యానం చేసుకునే పిల్లవాడు, మోసం చేయడులే,” అని తనలో తాను అనుకుని కొంగుముడి విప్పింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి బయానా ఇచ్చింది. రసీదు రాసి ఇచ్చాను. దాని మీద ఉన్న బుద్ధుడి బొమ్మను చూసి కళ్లకద్దుకుంది.